చల్లని సీమలలో తీపి మొక్కజొన్న: త్వరగా పండు పాత రకముల పెంపకము

మొక్కజొన్న వేడిమిని కోరు పైరు. తెలుగుదేశములో దీనిని పండించు రైతు నీటికొరకు ఎదురుచూడవలసి యుండవచ్చును గాని, ఎండకొరకు ఎదురుచూడవలసిన పని లేదు. నీరున్నచో ఖరీఫునందును, రబీయందును, వేసవియందును పొత్తులు చేతికి వచ్చును. తెలంగాణమున మక్కగటకయు, కోస్తా జిల్లాలలో వానకాలపు సాయంత్రములందు నిప్పులపై కాల్చిన పొత్తులును ఎరుగనివారు అరుదు. అట్టి నేలనుండి ఉద్యోగరీత్యా కాశ్మీరు లోయకో, సిమ్లా కొండలకో, సముద్రములు దాటి కెనడాకో, అమెరికా ఉత్తరపు రాష్ట్రములకో పోయి కాపురముండు కుటుంబము ఇంటివద్ద చేసినట్లే పెరటిలో నాలుగు గింజలు నాటినపుడు జరుగునది వేరు. గింజలలో సగము నేలలోనే కుళ్లిపోవును. మొలచినవి నెలదినములు ఊదారంగు తిరిగి ముడుచుకొని యుండును. ఎట్టకేలకు పీచు కనిపించునాటికి శరదృతువు వచ్చి, ఒక్క రాత్రి కురిసిన గడ్డమంచుతో తోట మాడిపోవును. ఆ నేల మొక్కజొన్నకు పనికిరాదని ఇంటివారు తీర్మానింతురు.

పెక్కు సందర్భములలో దోషము నేలది కాదు; ఎంచుకొన్న రకముది, నాటిన పద్ధతిది. కొద్దిపాటి వేడిమితోనే పక్వమునకు వచ్చు తీపి మొక్కజొన్న రకములు నూరేండ్లకు పైబడి చల్లని దేశములలో పెరటి తోటలయందు నిలిచియున్నవి. వాని స్వభావమెట్టిది, వానిని ఎట్లు పెంచవలెను, అంతకంటె ముఖ్యముగా వాని విత్తనమును ఎట్లు కాపాడవలెను అను విషయములు ఇందు వివరింపబడినవి. చలికాలము పొడుగునను తాజా కూరలు కరవగు సీమలలో, వేసవి చివర పిల్లలు మారాము చేయక తినునట్టి ఆహారము పెరటిలోనే లభించుట ఆరోగ్యదృష్టితో చిన్న విషయము కాదు.

తీపి ఎక్కడిది?

మామూలు మొక్కజొన్న గింజలో చేరిన చక్కెర, గింజ ముదిరినకొలది పిండిపదార్థముగా మారిపోవును. తీపి మొక్కజొన్నలో ఈ మార్పును కలిగించు జన్యువులలో ఒకటి సరిగా పనిచేయదు. అందుచే చక్కెర చాలకాలము చక్కెరగానే నిలుచును. ఈ గింజ ఎండినపుడు నిండుగా, నున్నగా ఉండక ముడుతలు పడి గాజువలె పారదర్శకముగా కనిపించును. ఈ ముడుతలే తీపి మొక్కజొన్నకు గుర్తు. విత్తనము ఏరుకొనునపుడు ఈ గుర్తుతో మరల పని పడును.

1953లో అమెరికాలోని ఇలినాయి విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుడు జాన్ లాఫ్నన్ వేరొక జన్యువు వలన గింజలో మరింత చక్కెర నిలుచునని ప్రకటించెను. నేడు బజారులో అమ్ము తీపి మొక్కజొన్నలో చాలభాగము ఆ మార్గమున వచ్చిన అతితీపి సంకర రకములదే. అవి కోసిన పిదప కొన్ని దినములవరకు తీపి తగ్గవు గనుక వ్యాపారమునకు అనుకూలములు. కాని ఆ గింజలో మొలకకు ఆహారమగు పిండి చాల తక్కువ. చల్లని తడినేలలో మొలక పైకి రాకముందే ఆ గింజ కుళ్లును. పాత రకముల గింజలో పిండి కొంత హెచ్చు. అవి చల్లదనమును కొంత ఓర్చుకొనును. బజారు పొత్తు రుచి చూచి, ఆ విత్తనమునే తెచ్చి కొండప్రాంతపు పెరటిలో నాటి నష్టపోవువారు ఈ భేదము తెలియకనే నష్టపోవుచున్నారు.

100 గ్రాముల పచ్చి గింజలలో ఇంచుమించు 86 కేలరీల శక్తియు, 3 గ్రాములకు పైగా మాంసకృత్తులును, 19 గ్రాముల పిండిపదార్థములును ఉండును. ఆ 19 గ్రాములలో 6 గ్రాములు చక్కెర. స్వల్పముగా సి విటమినును, ఫోలిక్ ఆమ్లమును లభించును. పసుపుపచ్చని గింజలలో కంటికి మేలుచేయు వర్ణద్రవ్యములు గలవు. తెల్ల గింజలలో అవి లేవనియే చెప్పవచ్చును. దీనిని కూరగాయగా వండినను, ఆహార గణనలో ధాన్యముగానే చూడవలెను. మధుమేహము గలవారు పొత్తు తిన్ననాడు ఆ మేరకు అన్నమో రొట్టెయో తగ్గించుకొనవలెను. మొక్కజొన్న మాంసకృత్తులలో కొన్ని అవసరమైన అంశములు లోపించుటచే, పప్పుదినుసులతో గాని పాలతో గాని కలిపి భుజించుట మేలు. నాలుగేండ్లలోపు పిల్లలకు గింజలు నలిపి పెట్టవలెను. నిండు గింజ గొంతున అడ్డుపడు ప్రమాదము గలదు.

పాత రకముల పుట్టుక

మొక్కజొన్న పుట్టిల్లు మెక్సికో. వేల సంవత్సరములుగా అక్కడి ప్రజలు, పిమ్మట ఉత్తరమునకు వ్యాపించిన ఆదిమజాతులు, ఏటేట ముందుగా పండిన పొత్తుల గింజలను దాచి నాటుచు వచ్చిరి. ఆ విధముగా ఉష్ణదేశపు గడ్డి క్రమముగా కెనడా సరిహద్దులవరకు ప్రయాణము చేసినది. క్విబెక్ రాష్ట్రములోని గాస్పే ద్వీపకల్పమున పుట్టిన ఒక జాతి మొక్కజొన్న పట్టుమని పది ఆకులు వేయకముందే పూతకు వచ్చును. మొక్క మోకాటిని మించి కొద్దిగా ఎదుగును. అది తీపి జాతి కాదు. కాని త్వరగా పండు గుణమునకు మూలము ఎక్కడనో అది స్పష్టముగా చూపును. ఆకులు తక్కువ వేసి, ఎత్తు తక్కువ పెరిగి, మొక్క త్వరపడును. కనుక చల్లని తోటలో పొట్టి మొక్కను చూచి ఎరువు చాలలేదని చింతింప నక్కరలేదు.

ఐరోపానుండి వచ్చి స్థిరపడినవారికి తీపి మొక్కజొన్న ఇరోక్వా జాతివారినుండి లభించినది. 1779లో అమెరికను సేనాని సల్లివాన్ ఆ జాతివారి గ్రామములపై దండెత్తి, ఇండ్లతోపాటు మైళ్లకొలది పంటచేలను తగులబెట్టించెను. ఆ దండులోని ఒక సైనికోద్యోగి కొన్ని తీపి పొత్తులను తనతో తీసికొనిపోయెనని చెప్పుదురు. వందల ఏండ్లు శ్రమించి ఆ విత్తనమును తీర్చినవారి చేలు బూడిద కాగా, విత్తనము మాత్రము పరుల పెరటిలో నిలిచినది.

పాత రకములలో మిక్కిలి పేరుపొందినది గోల్డెన్ బాంటమ్. మసాచుసెట్సు రాష్ట్రములోని గ్రీన్‌ఫీల్డు అను ఊరిలో విలియం చేంబర్స్ అను ఆయన దీనిని తన తోటలో పెంచి ఇరుగుపొరుగువారికి రుచి చూపుచుండెను. ఆయన మరణానంతరము మిగిలిన కొద్దిపాటి విత్తనము విత్తన వ్యాపారియగు బర్పీ చేతికి చేరినది. 1902లో ఆ సంస్థ దానిని అమ్మకమునకు పెట్టినది. అంతవరకు ఆ దేశమున పసుపు మొక్కజొన్న పశువుల మేతయనియు, మనుష్యులు తినదగినది తెల్లనిదే యనియు నమ్మకముండెడిది. కొలది ఏండ్లలో ఆ నమ్మకము తారుమారైనది. మొక్క ఇంచుమించు 5 అడుగులు పెరుగును, పొత్తు చిన్నది, దానిపై 8 వరుసల గింజలు మాత్రమే ఉండును. ఒక ముసలివాని ఇంటిలో మిగిలిన ఆ కొద్ది గింజలను ఎవరో వండుకొని తినియున్నచో ఆ రకము అంతటితో అంతరించెడిది. తరువాత కెనడాలో ఈ రకమును ఇంకను త్వరగా పండు మరియొక రకముతో సంకరపరచి డొరినీ అను రకమును తీసిరి. వేసవి మరింత కురుచయైనచోట అదియే మేలు.

మన దేశపు కొండలయందును పాత జాతులు లేకపోలేదు. సిక్కిములో ఒక్కొక్క మొక్కకు అనేకములైన చిన్న పొత్తులు వేయు పురాతన జాతి యున్నది. శాస్త్రజ్ఞులు దానికి సిక్కిం ప్రిమిటివ్ అని పేరిడిరి. కాశ్మీరు, హిమాచల కొండవాసులు తమ రొట్టెలకు పండించుకొను జొన్నలును తరతరములుగా ఆ చలికి అలవడినవే. ఇవి పిండికి ఉపయోగించు జాతులు, తీపి జాతులు కావు. హైదరాబాదు పరిశోధనా క్షేత్రమునుండి వెలువడిన మాధురి, ప్రియ అను తీపి రకములు మైదానపు వేడిమికి తగినవి.

దినములు కాదు, వేడిమి

విత్తనపు పొట్లముపై 65 దినములనియో, 80 దినములనియో అచ్చువేసి యుండును. దానిని మాటయిచ్చినట్లు భావింపరాదు. ఆ దినములు ఆ విత్తనమును పరీక్షించినచోట లెక్కించినవి. మొక్కజొన్నకు పంచాంగము తెలియదు. దానికి తెలిసినది వేడిమి. 10 డిగ్రీల సెంటీగ్రేడునకు లోబడిన చల్లదనములో అది దాదాపు ఎదుగుట మానివేయును. కనుక శాస్త్రజ్ఞులు ఒక సులభమైన లెక్కను ఏర్పరచిరి. ఆ దినపు గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలను కూడి సగము చేసి, దానినుండి 10 తీసివేయవలెను. రాత్రి 10 డిగ్రీలకంటె చల్లగా ఉన్నను కనిష్ఠమును 10గానే గ్రహింపవలెను. పగలు 30కి మించినను గరిష్ఠమును 30గానే గ్రహింపవలెను. మిగిలినది ఆనాడు మొక్కకు ముట్టిన వేడిమి.

ఒక రకము కోతకు వచ్చుటకు ఇట్టి వేడిమి 700 పాళ్లు కావలెననుకొందము. పగలు 27, రాత్రి 15 డిగ్రీలుండు ఊరిలో దినమునకు 11 పాళ్లు చేరును. 64 దినములలో పొత్తు సిద్ధమగును. పగలు 22, రాత్రి 10 డిగ్రీలుండు కొండ ఊరిలో దినమునకు 6 పాళ్లే చేరును. అదే విత్తనమునకు అచట 117 దినములు పట్టును. పొట్లముపై రెండు మాసములని చదివి నాటినవాడు నాలుగు మాసములు వేచియుండవలసి వచ్చును. ఈలోపల గడ్డమంచు రాకున్న అదృష్టమే. ఈ లెక్క తూచినట్లు సరిపోవునది కాదు. ఎండ, తేమ, నేల సారము కూడ ఫలితమును మార్చును. అయినను రకమును ఎంచుకొనుటకు ఇంతకుమించిన మార్గదర్శి పెరటి తోటవానికి లేదు. ఒక్క వేసవి ప్రతిదినమును ఉష్ణోగ్రతలను పుస్తకమున వ్రాసి ఉంచుకొన్నచో, మరుసటి యేడు ఏ రకము తన పెరటిలో పండునో ఇంటి యజమాని తానే చెప్పగలడు.

తోటమాలి సూర్యుని మార్చలేడు గాని, ఉన్న వేడిమిని కూడబెట్టగలడు. దక్షిణమునకు ముఖమైన రాతిగోడకు ఎదురుగానున్న మడి పగటి వెచ్చదనమును రాత్రి కొంతవరకు నిలుపుకొనును. బోదెలుగా ఎత్తుచేసిన మట్టి చదునునేలకంటె త్వరగా ఆరి త్వరగా వెచ్చబడును. లోయ అడుగున పల్లపు చోట్లకు రాత్రివేళ చల్లగాలి నీటివలె జారి చేరును. అచ్చట మొక్కజొన్న నాటరాదు. నాటుటకు రెండు వారములు ముందుగా మడిపై పాలిథీను పట్టాను బిగువుగా పరచి అంచులను మట్టితో కప్పినచో నేల మరికొన్ని డిగ్రీలు వేడెక్కును. పారదర్శకమైన పట్టా క్రింద నేల ఎక్కువ వేడెక్కును. కాని దాని క్రింద కలుపు కూడ మొలచును. నల్ల పట్టా కలుపును అణచును.

నాటుట

నేల వెచ్చదనమును చేతితో అంచనా వేయుట కష్టము. ఉదయమున 5 సెంటీమీటర్ల లోతున ఉష్ణమాపకమును గ్రుచ్చి చూడవలెను. వరుసగా నాలుగైదు దినములు 13 డిగ్రీలకు తగ్గకున్నచో పాత తీపి రకములను నాటవచ్చును. అతితీపి రకములకు 18 డిగ్రీలైనను కావలెను. తొందరపడి చల్లని బురదలో నాటిన విత్తనముకంటె పది దినములు ఆగి వెచ్చని నేలలో నాటినదే తరచుగా ముందు పూతకు వచ్చును.

ఈ పది దినములను పోగొట్టుకొనకుండుటకు ఒక ఉపాయము గలదు. గింజలను ఒక రాత్రి గోరువెచ్చని నీటిలో నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి వంటయింటిలో వెచ్చని చోట ఉంచవలెను. పెసలు మొలకెత్తించు విధమే ఇది. వేరుమొన కనబడిన వెంటనే, అది విరుగకుండ జాగ్రత్తగా నాటవలెను. వేసవి మరింత కురుచయైనచోట పాత వార్తాపత్రికలను గొట్టములుగా చుట్టి మట్టి నింపి, ఒక్కొక్క దానిలో ఒక్కొక్క గింజ నాటి, కిటికీవద్ద పెంచి, రెండు మూడు ఆకులు వేయగానే గొట్టముతోసహా మడిలో పెట్టవచ్చును. మూడు వారములు దాటనీయరాదు. మొక్కజొన్న వేరు కదలికను సహింపదు. ముదిరిన నారు పాతుకొనుటకు పట్టు కాలము, నారు పోసినందున కలిసివచ్చిన కాలమును మ్రింగివేయును.

మొలకపై తేలికపాటి గడ్డమంచు కురిసి ఆకులు మాడినను వెంటనే పెరికివేయరాదు. ఐదారు ఆకుల దశవరకు మొక్క ఎదుగు మొన నేలలోపలనే దాగియుండును. వారము దినములలో కొత్త ఆకు రావచ్చును. అట్లే చల్లని నేలలో లేతమొక్క ఊదారంగు తిరిగినచో భాస్వరపు ఎరువు కుమ్మరింప నక్కరలేదు. నేలలో భాస్వరమున్నను చలికి వేరు దానిని తీసికొనలేకపోవుచున్నదని దాని అర్థము. ఎండ కాయగానే ఆ రంగు పోవును.

ఒంటి వరుస పనికిరాదు

మన పెరళ్లలో గట్టువెంట, దడివెంట ఒకే వరుసగా మొక్కజొన్న నాటుట వాడుక. ఈ వాడుక వలన పండ్లూడిన నోటివలె అక్కడక్కడ గింజలున్న పొత్తులు వచ్చును. మొక్క కొనను విచ్చునది మగపూత; నడుమ పొత్తునుండి వ్రేలాడు పీచులో ప్రతి పోగును ఒక్కొక్క గింజకు చెందినది. ఆ పోగుపై పుప్పొడి పడినగాని ఆ గింజ తయారు కాదు. పుప్పొడిని మోయునది గాలియే. ఒంటి వరుసలో పుప్పొడి పక్కకు కొట్టుకొనిపోవును. అందుచే తక్కువ మొక్కలైనను చదరముగా నాటవలెను. నాలుగు వరుసలలో నాలుగేసి చొప్పున 16 మొక్కలు కనీసము. పొట్టి రకములకు వరుసల మధ్య 60 సెంటీమీటర్లును, మొక్కల మధ్య 20 నుండి 25 సెంటీమీటర్లును చాలును. గాలిలేని ఉదయమున, మంచుతడి ఆరిన పిదప మగపూతను కాగితపు సంచిలో దులిపి, ఆ పొడిని పీచుపై చల్లినచో చిన్న మడిలోను నిండు పొత్తులు వచ్చును. పిల్లలు ఉత్సాహముతో చేయు పని ఇది.

తక్కిన పోషణలో విశేషము లేదు. బాగుగా మాగిన పశువుల ఎరువు గాని కంపోస్టు గాని ముందే కలిపి, మొక్క మోకాలెత్తు ఎదిగినపుడు కొంచెము నత్రజని ఎరువు పైపాటుగా వేసిన చాలును. పీచు వచ్చు రెండు మూడు వారములలో మాత్రము నీటికి లోటు రానీయరాదు. మొదట వచ్చు పిలకలను తీయ నక్కరలేదు. 2018లో మన దేశమున మొదటిసారిగా కనబడిన కత్తెర పురుగు వేడి ప్రాంతములలో ఎంతో నష్టము చేసినది. తీవ్రమైన చలిని అది ఓర్వలేదు. హిమాలయ గ్రామములలో పురుగులకంటె పెద్ద శత్రువులు కోతులు, ముళ్లపందులు, నల్ల ఎలుగుబంట్లు. పొత్తు పాలుపోసుకొను దినములలో రాత్రివేళ ఒంటరిగా చేనిలోనికి పోయి ఎలుగుబంటిని అదలింప యత్నింపరాదు. పొత్తులకొరకు ప్రాణము ఒడ్డుట తగదు. మడి ఇంటికి దగ్గరగా ఉండుటయే ఇందుకు ఉత్తమమైన ఏర్పాటు.

కోయుట, వండుట

పీచు పైకివచ్చిన మూడు నాలుగు వారములకు, అది గోధుమరంగు తిరిగి ఎండినపుడు పొత్తు కొన మొనదేలియున్నదో, గుండ్రముగానున్నదో పైనుండియే తడిమి చూడవలెను. గుండ్రముగానున్నచో తొడుగును కొంచెము తొలగించి ఒక గింజను గోటితో నొక్కవలెను. నీరు వచ్చినచో ఇంకను లేతది. పాలు చిమ్మినచో సరియైన సమయము. పిండిముద్ద వచ్చినచో సమయము దాటినది. దానిని కాల్చుకొనుటకు వాడవచ్చును.

పాత రకములకు ఒక లోపము గలదు. కోసిన క్షణమునుండి వాని చక్కెర పిండిగా మారుట ప్రారంభించును. 30 డిగ్రీల వేడిలో ఒక్క దినమున ఇంచుమించు సగము చక్కెర పోవును. మంచుగడ్డపై నుంచినచో నష్టము స్వల్పము. ఈ లోపము వలననే అవి బజారునుండి తప్పుకొన్నవి. కాని పెరటివానికి ఇది లోపమే కాదు. పొయ్యిపై నీళ్లు తెర్లుచుండగా తోటకు పోయి పొత్తు కోసి తెచ్చుట అతనికే సాధ్యము. పైగా చల్లని సీమలలో ఉదయపు చలియే పొత్తును కాపాడును. తెర్లు నీటిలో నాలుగైదు నిమిషములు ఉడికిన చాలును. మిగిలిన పొత్తులను మూడు నిమిషములు ఉడికించి, గింజలు ఒలిచి, పలుచగా ఎండబెట్టి చలికాలపు పులుసులలోను, పప్పులోను వాడుకొనవచ్చును.

విత్తనము

పాత రకములను తిరిగి నాటుకొనవచ్చును. సంకర రకముల గింజను నాటినచో తల్లి గుణములు చెదరిపోవును. కావున పాత రకము గల ఇంటికి ప్రతియేడు విత్తనము కొనవలసిన పని లేదు. అయితే మొక్కజొన్న విత్తనమును దాచుట చిక్కుడుకాయ విత్తనమును దాచినంత తేలిక కాదు.

మొదటి చిక్కు కాలము. తినుటకు సిద్ధమైన పొత్తు విత్తనమగుటకు మరి మూడు నాలుగు వారములైనను కావలెను. తినుటకు పొత్తులిచ్చు తోట విత్తనమును ఈయలేకపోవచ్చును. కనుక విత్తనపు మొక్కలను మొదటినుండియే వేరుగా నిర్ణయించి, వాని మొదటి పొత్తును తినకుండ విడువవలెను. ముందుగా పీచు వేసిన మొక్కలకు రంగుదారము కట్టి గుర్తించుట మంచిది. పచ్చితనము తీరని గింజపై గట్టి గడ్డమంచు పడినచో బీజము చచ్చును. గింజ చూచుటకు బాగుగానే యుండును గాని మొలవదు. గడ్డమంచు రానున్నట్లు తోచగానే, తొడుగులు పాలిపోయిన మొక్కలను వేళ్లతో పెకలించి గాలిపారు చూరు క్రింద తలక్రిందులుగా వ్రేలాడదీయవలెను.

రెండవది పరాగసంపర్కము. పక్క చేనిలోని పిండి మొక్కజొన్న పుప్పొడి తీపి మొక్క పీచుపై పడినచో ఆ గింజ ఆ యేడే పిండిగింజ యగును. దీనిని తప్పించుటకు రెండు చేలమధ్య కొన్ని వందల మీటర్ల దూరముండవలెను; లేదా పూతల మధ్య రెండు మూడు వారముల ఎడముండవలెను. తప్పినను ఉపాయమున్నది. ఎండిన పొత్తులో ముడుతలు పడిన గింజల నడుమ నున్నగా ఉబ్బిన గింజ కనబడినచో అదియే పరాయి పుప్పొడితో కలిసినది. దానిని ఏరివేయవలెను.

మూడవది సంఖ్య. వరియు, చిక్కుడును తమ పుప్పొడితోనే తాము కాయ కట్టును. కొద్ది మొక్కలనుండి విత్తనము తీసినను వానికి హాని లేదు. మొక్కజొన్న అట్టిది కాదు. పదిపన్నెండు మొక్కల గింజలనే యేటేట నాటుచు పోయినచో కొలది తరములలో మొక్కలు కురచబడి, పొత్తులు క్షీణించి, చివరకు కాపు నిలిచిపోవును. నూరు మొక్కలకు తగ్గకుండ, ఒక్కొక్క మొక్కనుండి సమానముగా గింజలు తీసి కలుపవలెనని నిపుణుల సలహా. పెరటిలో నూరు మొక్కలకు చోటెక్కడిది? ఒకే రకమును ఆరు ఇండ్లవారు 36 మొక్కల చొప్పున పెంచి, చివర విత్తనమును ఒకచోట కలిపి పంచుకొన్నచో 216 మొక్కల విత్తనమగును. ఒకరి తోటను ఎలుగుబంటి పాడుచేసినను రకము నిలుచును. ఒక్క ఇంటివారు తమ పెరటిలో మాత్రమే ఏండ్లతరబడి కాపాడెదమనుట ఈ పైరు విషయమున నెరవేరునది కాదు.

నాలుగవది ఎండబెట్టుట. ఇందు ఆరోగ్యమునకు సంబంధించిన ప్రమాదము గలదు. 1974 శరత్కాలమున రాజస్థానము, గుజరాతులలోని ప్రక్కప్రక్క జిల్లాలలో కోతల సమయమున అకాలవర్షములు కురిసి, తడిసిన మొక్కజొన్న బూజు పట్టినది. బీదకుటుంబములు దానినే తినిరి. ఆ బూజు పుట్టించు ఆఫ్లాటాక్సిన్ అను విషము వలన పచ్చకామెర్లతో కాలేయము చెడి, 397 మంది రోగులలో 106 మంది మరణించిరి. ఆ గ్రామములలోని కుక్కలకును అదే వ్యాధి సోకినది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు పోయి కారణమును నిర్ధారించిరి. ఉడికించినను, వేయించినను ఆ విషము పూర్తిగా పోదు. కనుక విత్తనముకొరకు వ్రేలాడదీసిన పొత్తులు బూజు పట్టినచో, ఇవి నాటుటకు పనికిరాకున్నను వండుకొనుటకు పనికివచ్చునని ఎంచరాదు. పశువులకును, కోళ్లకును వేయరాదు.

దీనికి ఎదురైన ప్రమాదము కొన్న విత్తనములో గలదు. అంగడి విత్తనమునకు కుళ్లు పట్టకుండ మందు పట్టించి, గులాబిరంగో ఎరుపురంగో పూయుదురు. 1971లో ఇరాకు దేశమునకు పాదరసపు మందు పట్టించిన గోధుమ, బార్లీ విత్తనములు ఓడలపై వచ్చినవి. సంచులపైని హెచ్చరికలు ఆ రైతులకు తెలియని భాషలలో నుండెను. అవి చేరునాటికి నాట్ల కాలము దాటిపోయినది. ఆకలితోనున్న కుటుంబములు గింజలను కడిగి రొట్టెలు చేసికొనిరి. నీటితో రంగు పోయినది గాని విషము పోలేదు. 6,000 మందికి పైగా ఆసుపత్రులలో చేరగా, వారిలో 459 మంది మరణించిరి. మందు పట్టించిన విత్తనము మిగిలినచో వంటయింటికి తేరాదు. పిల్లలకు అందని చోట తాళము వేసి ఉంచవలెను.

పొత్తులు చూరు క్రింద ఎండిన పిదప గింజలు ఒలిచి, గాలి ఆడు గదిలో పలుచగా పరచి మరల ఆరబెట్టవలెను. గింజను రాతిపై నుంచి సుత్తితో కొట్టినపుడు పగిలి ముక్కలు కావలెను. నలిగి అణగినచో ఇంకను తేమ యున్నదన్నమాట. ఆరిన గింజలను గాజుసీసాలో పోసి మూత బిగించి, చల్లని చీకటి చోట దాచవలెను. తీపి మొక్కజొన్న విత్తనము మూడేండ్లకు మించి నమ్మదగినది కాదు. కావున రకము పేరును, పండిన సంవత్సరమును, తినరాని విత్తనమని గుర్తుగా ఒక మాటను సీసాపై వ్రాసి అంటించి, నాటుటకు నెల ముందు పది గింజలను తడిగుడ్డలో చుట్టి చూడవలెను. ఎనిమిది మొలచినచో మామూలుగా నాటవచ్చును; ఐదే మొలచినచో ఒక్కొక్క గుంటకు రెండు గింజలు వేయవలెను; అంతకు తగ్గినచో విత్తనమును కలిపి పంచుకొన్న ఇండ్లలో వేరొకరి సీసానుండి తెచ్చుకొనవలెను.